రెండు ‘స్వరాజ్య’ల మధ్య ఒక నెల్లూరు కలం

మద్రాసు పత్రికల చరిత్రలో ‘స్వరాజ్య’ అనే పేరు రెండుసార్లు కనిపిస్తుంది. మొదటిది 1921 అక్టోబరులో టంగుటూరి ప్రకాశం పెట్టిన ఇంగ్లీషు దినపత్రిక. రెండోది 1956లో రాజాజీ అండతో మొదలైన ఇంగ్లీషు వారపత్రిక. పేరు ఒకటే గాని ఆ ఇద్దరు నాయకులూ ఉప్పూ నిప్పూ. 1937లో రాజాజీ మంత్రివర్గంలో ప్రకాశం రెవెన్యూ మంత్రిగా పనిచేసిన మాట నిజమే, ఆ పొత్తు అక్కడితో సరి. 1946లో ప్రకాశం మద్రాసు ప్రభుత్వాధినేత అయి ఏడాది తిరక్కుండానే పదవి పోగొట్టుకున్నారు. 1952 ఎన్నికల్లో కాంగ్రెస్‌కు మెజారిటీ రానప్పుడు, బలం తన కూటమికే ఉందని ప్రకాశం అంటూ ఉండగానే గవర్నరు రాజాజీని పిలిచి ముఖ్యమంత్రిని చేశారు. ఇలాంటి ఇద్దరి పత్రికల్లోనూ, ముప్పై అయిదేళ్ళ ఎడంతో మొదలైన రెండు ‘స్వరాజ్య’ల్లోనూ, ఒకే మనిషి కూర్చుని రాశారు. నెల్లూరు జిల్లాలో పుట్టిన ఖాసా సుబ్బారావు (1896–1961) ఆయన.

గాలి ఎటు వీస్తే అటు తిరిగిన కలం అని దీన్ని కొట్టిపారేయడం సులువు. తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే మాత్రం లెక్క వేరుగా తేలుతుంది. 1921లో ప్రకాశం చేతిలో ఏ పదవీ లేదు. బాగా నడుస్తున్న బారిస్టరు ప్రాక్టీసును వదులుకుని, సంపాదించింది పత్రికలో పోస్తున్న మనిషి ఆయన. 1956లో రాజాజీ చేతిలోనూ ఏ పదవీ లేదు, ముఖ్యమంత్రి కుర్చీ దిగి రెండేళ్ళయింది. ఈ రెంటికీ నడుమ ప్రకాశం గద్దె ఎక్కిన 1946 ఉంది. సుబ్బారావు తన సొంత వారపత్రిక ‘స్వతంత్ర’ను మొదలుపెట్టింది సరిగ్గా ఆ ఏడాదే. మొదటి నాయకుడు అధికారంలోకి వెళ్ళిన సంవత్సరం ఆయన తన దుకాణం తాను తెరుచుకున్నారన్నమాట. అన్నీ ముందే ఆలోచించి చేశారని చెప్పడానికి లేదు గాని, గద్దె మీద ఉన్నవారి పక్కన ఆయన పత్రిక పెట్టుకోలేదన్నది మాత్రం తేదీలే చెబుతున్నాయి. రాజకీయ కాలమిస్టు ఎంతమంది మంత్రులను ఇరకాటంలో పెట్టాడన్న లెక్క కన్నా, ఎవరి కాగితం మీద, ఏ రోజుల్లో రాశాడన్న లెక్కే ఆ మనిషి గురించి ఎక్కువ చెబుతుంది.

నెల్లూరు నుంచి ఇంగ్లీషు పాత్రికేయులు రావడం సుబ్బారావుతో మొదలు కాలేదు. ఆ దారి అంతకు ముందు తరంలోనే పడింది. నెల్లూరు దగ్గరి దంపూరుకు చెందిన దంపూరు నరసయ్య 1881లోనే మద్రాసులో ‘పీపుల్స్ ఫ్రెండ్’ అనే ఇంగ్లీషు వారపత్రిక పెట్టి చాలా ఏళ్ళు నడిపారు. తర్వాత సొంత ఊరికి తిరిగివచ్చి ‘ఆంధ్రభాషా గ్రామవర్తమాని’ అనే తెలుగు పత్రిక తీశారు. మద్రాసుకు పోయి ఇంగ్లీషులో రాయడం, అలసిపోయాక ఊరికొచ్చి తెలుగులో రాయడం: ఈ రాకపోకల్లోనే నెల్లూరు పాత్రికేయం చాలాకాలం నడిచింది. కారణం మరీ లోతైనదేమీ కాదు. నెల్లూరుకు మద్రాసు 175 కిలోమీటర్ల దూరం. హైకోర్టు, సెక్రటేరియట్, శాసనసభ, పెద్ద కాలేజీలు అన్నీ అక్కడే. చదువుకున్న నెల్లూరు కుర్రవాడికి రాజకీయం అంటే రైలెక్కి దక్షిణానికి పోతే కనబడేది. అధికారులు చదివే భాష ఇంగ్లీషు కాబట్టి, అధికారులను నిలదీయాలంటే ఇంగ్లీషులోనే నిలదీయాలి.

అలా వెళ్ళినవారికి ప్రకాశం ‘స్వరాజ్య’ ఆఫీసు ఒక బడి. జీతాలు వేళకు అందని ఆఫీసుగా కూడా దానికి పేరుంది. ఊరూరా తిరిగి వాటాలు అమ్మి మూలధనం కూడబెట్టిన పత్రిక అది, వాటాదారుకు లాభం ముట్టిన పాపాన పోలేదు. ఇంగ్లీషుతో పాటు తెలుగు, తమిళ కూర్పులు కూడా తేవాలన్న ఆశ ప్రకాశానిది. ఆశ పెద్దది, పెట్టె చిన్నది. కె.ఎం. పణిక్కర్ వంటి పండితుడు, కె. ఈశ్వరదత్తు వంటి శైలీకారుడు ఆ గదుల్లోంచి నడిచివెళ్ళారు. పత్రిక 1930ల మధ్యకు ఆగిపోయింది గాని అక్కడ పని నేర్చుకున్నవారు దక్షిణాది పత్రికలన్నిటా విస్తరించారు. యజమానే ఉద్యమ నాయకుడు, యజమానే సంపాదకుడు, యజమానే జైలుకు పోయే మనిషి అయిన పత్రికలో ఉద్యోగికి ఒక విచిత్రమైన స్వేచ్ఛ దొరుకుతుంది. ప్రకటనదారు ఏమనుకుంటాడో అన్న భయం ఉండదు, ఎందుకంటే ప్రకటనలే అంతంతమాత్రం. కానీ నాయకుడి పొరపాటును ఆయన పత్రికలోనే రాయడం ఎలా? ఆ చిక్కు ‘స్వరాజ్య’లో తీరలేదు. ఏ నాయకుడి పత్రికలోనూ తీరలేదు.

పత్రికలను అదుపులో పెట్టడానికి అప్పటి ప్రభుత్వం వాడిన పనిముట్టు జామీను. 1930 ఆర్డినెన్సు, ఆ వెంటనే 1931 చట్టం ప్రకారం ప్రెస్సు యజమాని ముందుగా సొమ్ము కట్టాలి, రాసింది ప్రభుత్వానికి రుచించకపోతే ఆ సొమ్ము జప్తు. ఈ ఏర్పాటులో ఒక కుటిలత్వం ఉంది. రాసినవాడిని జైల్లో వేస్తే ఊళ్ళో దండలు పడతాయి. జామీను జప్తు చేస్తే దెబ్బ తగిలేది ప్రెస్సు వాడికి, అక్షరాలు పేర్చే కంపోజిటర్‌కు, కాగితం అరువిచ్చిన కొట్టు వాడికి. ఘాటుగా రాసిన ప్రతి వాక్యం ఎవరి కూటికి ముప్పు తెస్తుందో రాసేవాడికి ముందే తెలుసు. సెన్సారు అధికారి అవసరమే లేకుండా చేసే పద్ధతి ఇది. సుబ్బారావు ఉద్యమంలోకి స్వయంగా దిగి జైలుకు కూడా వెళ్ళారు. తర్వాత ‘ఇండియన్ ఎక్స్‌ప్రెస్’లోనూ పనిచేశారు. అంటే సొంత పత్రిక పెట్టే నాటికి నాయకుడి పత్రిక, వ్యాపారి పత్రిక రెండూ లోపలి నుంచి చూసి ఉన్నారు.

ఇక ఆయన కాలమ్. శీర్షిక ‘సైడ్‌లైట్స్’, కలం పేరు ‘సాకా’. ఇంటిపేరులోని అక్షరాలను తిరగేస్తే వచ్చిన పేరు. తెలుగు చెవికి ‘సాకు’ గుర్తొస్తే తప్పు చెవిది కాదు.

సంపాదకీయానికీ కాలమ్‌కూ తేడా పైకి చిన్నదిగా కనిపిస్తుంది. సంపాదకీయం పత్రిక మాట, దాని కింద సంతకం ఉండదు. పొరపాటు పడితే పత్రిక పరువు పోతుంది గాని మనిషి పరువు పోదు. కాలమ్ కింద మనిషి ఉంటాడు. కలం పేరైనా సరే, ఆ పేరు ఎవరిదో మద్రాసులో రాజకీయం తెలిసిన ప్రతివాడికీ తెలుసు. పైగా వారపత్రిక కాలమ్‌కు మరో ఇబ్బంది ఉంది. వార్త దాని చేతికి వచ్చేసరికి చద్దిదైపోతుంది. మంత్రి రాజీనామా చేశాడని దినపత్రిక మర్నాడే చెప్పేస్తుంది. వారపత్రిక అచ్చయి, కట్టలు రైలెక్కి, నెల్లూరు స్టేషన్లో దిగి, అక్కడి నుంచి బస్సు మీద ఉదయగిరికో ఆత్మకూరుకో చేరి, చందాదారు చుట్టిన కాగితం విప్పేసరికి ఆ మంత్రి రాజీనామా వెనక్కి తీసుకుని కూడా ఉండవచ్చు. కాబట్టి వారపత్రిక కాలమిస్టు పరుగుపందెంలో దిగడు. వారం గడిచినా పులియనిదేదో దాన్ని పట్టుకోవాలి: ఈ మంత్రి స్వభావం ఏమిటి, పోయినసారి ఇదే పరిస్థితిలో ఏం చేశాడు, ఎవరితో ఎన్నాళ్ళ నుంచి మాటల్లేవు, ఇప్పుడు ఎవరి ఇంటికి వెళ్ళి కాఫీ తాగాడు. రాజకీయ వ్యాఖ్య వ్యక్తిచిత్రంలోకి జారేది ఇక్కడే. నాయకుల ముఖచిత్రాలు మాటల్లో గీయడంలో సుబ్బారావుకు వచ్చిన పేరు ఆయన ఒక్కడి ప్రతిభే కాదు, వారపత్రిక అనే వాహనం కూడా ఆ పనే అడుగుతుంది. శీర్షిక పేరులోనూ ఆ ఒడుపు ఉంది. ఎదురుగా వెలుగు పడితే ముఖం నున్నగా కనిపిస్తుంది. పక్కనుంచి పడితే గుంటలూ మచ్చలూ తేలతాయి.

‘స్వతంత్ర’ నడిచిన పదేళ్ళూ ఈ రాతకు అనువైన కాలం. స్వాతంత్ర్యం వచ్చింది, నిన్నటిదాకా పక్కన కూర్చుని లాఠీ దెబ్బలు పంచుకున్నవారు ఇవాళ మంత్రులయ్యారు. వాళ్ళను గురించి రాయడానికి జైలు స్నేహం అడ్డమూ అవుతుంది, ఆధారమూ అవుతుంది. ఏ మంత్రి మాట మీద నిలుస్తాడో, ఏ మంత్రి నిలవడో తెలియడానికి అలాంటి కాలమిస్టుకు ఫైళ్ళు అక్కర్లేదు. ఆయనతో ఒకే బ్యారక్‌లో ఆరునెలలు ఉంటే చాలు. ఈ తరానికి ఉన్నదీ, ఆ తర్వాతి కాలమిస్టులకు లేనిదీ ఈ సామీప్యమే. తర్వాతివారికి నాయకులు ప్రెస్ మీట్లలో పరిచయమయ్యారు.

1948లో ‘తెలుగు స్వతంత్ర’ కూడా మొదలైంది. దాని బాధ్యత గోరా శాస్త్రి చేతికి వచ్చింది. సుబ్బారావు పేరు ఇవాళ ఎక్కువమంది తెలుగు పాఠకులకు తెలిసిందంటే ఈ పత్రిక పుణ్యమే. ఆయన స్వయంగా రాసిన ఇంగ్లీషు కాలమ్ వల్ల కాదు. ఇది కాస్త చేదు సంగతే. తెలుగువాడు రాసిన రాజకీయ వ్యాఖ్య తెలుగువారికి చేరాలంటే పక్కన ఇంకో పత్రిక పెట్టవలసి వచ్చింది. అది తేలిక పని కాదు. సీసపు అక్షరాల రోజుల్లో ఇంగ్లీషు కంపోజిటర్ ముందున్న గళ్ళ పెట్టెలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, అంకెలు, చిహ్నాలు అన్నీ కలిపినా వందకు కాస్త అటూ ఇటూ. తెలుగు కంపోజిటర్‌కు గుడులు, కొమ్ములు, ఏత్వాలు, వత్తులు, గుణింతాలు కలిపి వందల గళ్ళు. ‘స్వాతంత్ర్యం’ అన్న ఒక్క మాట చూడండి. స కింద వ వత్తు, పైన దీర్ఘం. త పక్కన సున్న. మళ్ళీ త, దానికి ర వత్తు, దాని కింద య వత్తు, చివర మరో సున్న. ఇవన్నీ అద్దంలో చూసినట్టు తలకిందులుగా ఒక్కొక్కటే ఏరి స్టిక్‌లో పేర్చాలి, వత్తు ఒక వెంట్రుకవాసి జరిగితే కింది వరుస మీద పడుతుంది. ఆ కాలపు రాజకీయ వ్యాసంలో ఆ మాట ఎన్నిసార్లు వస్తుందో లెక్కేసుకుంటే కంపోజిటర్ తిట్లు వినిపిస్తాయి. తెలుగు కాలమిస్టు తన చేతిరాతను ఇంగ్లీషువాడి కన్నా ముందే ప్రెస్సుకు పంపాలి, ప్రూఫులు ఇంకోసారి దిద్దాలి. అంటే వార్తకు అతను ఇంకాస్త వెనక పడతాడు. తెలుగు రాజకీయ వ్యాఖ్యలో వార్త మీద కన్నా వ్యంగ్యం మీద, సామెత మీద మొగ్గు ఎక్కువగా ఉండటానికి మన స్వభావాన్ని కారణంగా చెబుతుంటారు. సీసపు గళ్ళకు కూడా అందులో వాటా ఉండాలి.

సుబ్బారావు పుట్టిన 1896లోనే, కాస్త ఉత్తరాన చీరాలలో, కోటంరాజు రామారావు పుట్టారు. చీరాల అప్పట్లో ఏ జిల్లా, తర్వాత ఏ జిల్లా అన్నది చెప్పాలంటే ఒక పేరా పడుతుంది. 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన జిల్లాలోకి గుంటూరు నుంచి వచ్చింది, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు, 2022లో చీరాల బాపట్ల జిల్లాకు వెళ్ళింది. రామారావు సుబ్బారావులా ఒక ఊరిని పట్టుకుని ఉండలేదు. ఆయన దారి ఉత్తరాదికి. అన్న పున్నయ్య కరాచీలో ‘సింధ్ అబ్జర్వర్’ సంపాదకుడు. రామారావు 1938లో లక్నోలో నెహ్రూ పెట్టిన ‘నేషనల్ హెరాల్డ్’కు మొదటి సంపాదకుడు. 1942లో ‘జైలా, అడవా’ అని నిలదీసిన సంపాదకీయానికి ఆరు నెలల శిక్ష పడింది. ఎన్ని పత్రికలు మారారో ఆయనే లెక్కపెట్టుకోవలసి వచ్చేది. రాజీనామా కాగితం ఆయన జేబులో సిద్ధంగా ఉండేదని చెప్పుకోవడంలో అతిశయోక్తి తక్కువ.

ఈ ఇద్దరినీ ఒకే గాటన కట్టడం సరికాదు గాని 1946 దగ్గర ఇద్దరి కథలూ ఒకదానికొకటి తగులుతాయి. ఆ ఏడాది నెహ్రూ తాత్కాలిక ప్రభుత్వానికి నాయకుడయ్యారు. ఆ ఏడాదే రామారావు ‘హెరాల్డ్’ నుంచి బయటికి వచ్చారు. సుబ్బారావు మాత్రం సొంత పత్రిక పెట్టి, దాని అప్పులు తానే మోస్తూ కూర్చున్నారు. రామారావు 1952లో రాజ్యసభకు వెళ్ళారు. సభలో కూర్చున్న పాత్రికేయుడికి గౌరవం దక్కుతుంది, సమాచారమూ దక్కుతుంది, దక్కనిది విలేకరుల గ్యాలరీ. పైనుంచి చూసేవాడికి కనబడే బట్టతలలు పక్కన కూర్చున్నవాడికి కనబడవు. ఇద్దరిలో కాలమిస్టుగా మెరుగైన జీవితం సుబ్బారావుదే అనిపించడానికి కారణం ఇది. మెరుగైన సంపాదకుడు బహుశా రామారావు. ఇద్దరూ 1961లోనే కన్నుమూశారు.

మద్రాసుకూ లక్నోకూ పోనివారి సంగతి వేరు. నెల్లూరులోనే ఉండి రాసినవారికి ‘జమీన్ రైతు’ ఉంది. వెంకటగిరి వంటి జమీందారీల్లో రైతుల పోరాటం నుంచి పుట్టి, 1930ల నుంచి నెల్లూరు వెంకటరామానాయుడు సంపాదకత్వంలో నిలదొక్కుకుని, తరాలు దాటి బతికిన వారపత్రిక అది. జిల్లా పత్రికలో రాజకీయ వ్యాఖ్య రాయడానికి వేరే రకం గుండె కావాలి. మద్రాసు కాలమిస్టు ఎవరి మీద రాశాడో ఆ మంత్రి కారులో పోతాడు. నెల్లూరు కాలమిస్టు ఎవరి మీద రాశాడో ఆ మనిషి సాయంత్రం ట్రంకు రోడ్డులో ఎదురుపడి ‘బాగా రాశారండీ’ అంటాడు. ఆ మాటలో మెచ్చుకోలు ఎంతో, హెచ్చరిక ఎంతో ఇంటికెళ్ళి తేల్చుకోవాలి. అయినా ఆ పత్రిక రాజకీయాల మీదే కాదు, సినిమాల మీద కూడా మొహమాటం లేకుండా రాసింది. పాత సంచికల్లోని సినిమా సమీక్షలను ఇవాళ్టికీ వెతికి చదివేవారున్నారు. జమీందారు మీద రాయడం అలవాటైన కలానికి హీరో ఒక లెక్కా?

ఇంతా చేసి, ఈ జిల్లా నుంచి అచ్చులో వచ్చి ప్రభుత్వాన్ని మెడలు వంచిన రాత ఏదని అడిగితే, జవాబుగా ఏ కాలమ్ పేరూ రాదు. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం కోసం తయారైన వాచకంలోని ‘సీతమ్మ కథ’ పాఠం పేరు వస్తుంది. భర్త తాగుడుతో కొంప కూలిన ఆడమనిషి కథ. రాత్రి బడుల్లో ఆ పాఠం చదివిన దూబగుంట ఆడవాళ్ళు, వర్ధినేని రోశమ్మ వంటివారు ముందుండగా, సారా దుకాణం మూయించారు. జిల్లా విలేకరులు ఆ వార్తను ఊరూరి నుంచి మోశారు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా ఆగింది. కాలమిస్టులు వచ్చింది ఆ తర్వాతే, విశ్లేషణతో. కాలమ్ పని నిప్పు పెట్టడం కాదు, మంట ఎటు పోతోందో చూసి చెప్పడం. ఈ తేడా మరిచిన కాలమిస్టులు తమ వల్లే ప్రభుత్వాలు పడిపోయాయని జ్ఞాపకాలు రాసుకుంటారు.

మద్రాసు దారి 1953 అక్టోబరుతో సన్నబడింది. ఆంధ్ర రాష్ట్రం విడివడి రాజధాని కర్నూలుకు పోయాక నెల్లూరు యువకుడికి రాజకీయం దక్షిణాన ఉండటం మానేసింది. పత్రికలు కూడా కదిలాయి. 1959లో ‘ఆంధ్రప్రభ’ విజయవాడ చేరింది. మరుసటి ఏడు అక్కడే నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలో ‘ఆంధ్రజ్యోతి’ వచ్చింది. ఆ తర్వాత నెల్లూరు, ఒంగోలు నుంచి వచ్చిన రాజకీయ వ్యాఖ్యాతలు తెలుగులోనే రాశారు, తెలుగువారే చదివారు. పోయింది ఒకటే: పక్క రాష్ట్రంవాడు కూడా చదివే అవకాశం. వచ్చింది దానికన్నా పెద్దది, ఆ లెక్కలో దిగులు పడవలసింది లేదు. దిగులు పడితే సుబ్బారావు పడి ఉండాలి. ఆయన పాఠకులు రెండు రాష్ట్రాలకు చీలిపోయారు, ఆయన మాత్రం మద్రాసులోనే ఉండిపోయారు.

1956 నాటి ‘స్వరాజ్య’ను ఈ వెలుగులో చూడాలి. అరవై ఏళ్ళ మనిషి, పదేళ్ళు సొంత పత్రిక భారం మోసినవాడు, మళ్ళీ ఒక నాయకుడి పక్కన కూర్చున్నారు. ఆ పత్రికలో రాజాజీ తానే ‘డియర్ రీడర్’ శీర్షికతో వారం వారం రాసేవారు. ఒకే సంచికలో సంపాదకుడి కాలమ్, పోషకుడి కాలమ్ రెండూ ఉంటే పాఠకుడి కళ్ళు ముందు ఏ పేజీకి పోతాయో చెప్పనక్కర్లేదు. రాజాజీ వాక్యం కురచ, తర్కం పదును, పేరు పెద్దది. 1959లో ఆయన, ఎన్.జి. రంగా కలిసి కొత్త పార్టీ పెట్టి, రంగాను మొదటి అధ్యక్షుడిని చేశారు. ఒకప్పుడు జమీన్ రైతుల పక్షాన నిలిచిన రంగా, ఒకప్పుడు ప్రకాశానికి ఎదురు నిలిచిన రాజాజీ, ఇద్దరూ కలిసి ఆ పార్టీకి ఎంచుకున్న పేరు స్వతంత్ర. సుబ్బారావు సొంత పత్రిక పేరే అది. నాయకుడికి పార్టీ లేనప్పుడు ఆయన పత్రికలో రాసేది అభిప్రాయం అవుతుంది. పార్టీ పుట్టాక అదే రాత ప్రచారంలా వినిపించడం మొదలవుతుంది, ఒక్క అక్షరం మారకపోయినా. ఆ చివరి రెండేళ్ళలో ‘సైడ్‌లైట్స్’కు వచ్చిన చిక్కు ఇదే. 1921 నాటి ఆఫీసులో తీరకుండా వదిలేసిన చిక్కు కూడా ఇదే.

1957 మే 20న ప్రకాశం హైదరాబాదులో కన్నుమూశారు. చేతిలో చిల్లిగవ్వ మిగలని మరణం. ఆయన పెట్టిన దినపత్రిక మూతపడి రెండు దశాబ్దాలు దాటింది. ఆ వారం కూడా మద్రాసులో ‘స్వరాజ్య’ అనే పేరు అచ్చవుతూనే ఉంది, రాజాజీ నీడన. దాని సంపాదకుడి కుర్చీలో ఉన్నది ఒకప్పుడు ప్రకాశం ఆఫీసులో, వేళకు జీతం రాని బల్ల దగ్గర, పని నేర్చుకున్న ఆ నెల్లూరు మనిషే.